పొరుగింటికి నచ్చిన కుక్క

చెనెసాయి తల్లికి,

బుహేరా నుంచి నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా మోకాళ్లూ, మిగిలిన ఏడు మేకలూ కులాసా. బులవాయోలో మీరంతా కులాసాగా ఉన్నారని చదివి సంతోషించాను. నీ ఉత్తరంలో అక్షరదోషాలు రెండే. చివర మీ ఆయన రాసిన నాలుగు వాక్యాల్లో ఆరు.

కుక్క కుదురుకుందా అని అడిగావు. కుదురుకుంది, నా ఇంట్లో మాత్రం కాదు. నువ్వు పంపింది కాపలా కుక్క కాదమ్మా, చుట్టం. మొక్కజొన్న పిండి సద్జా ముద్ద పెడితే వాసన చూసి, కూరేదీ అన్నట్టు నా ముఖం చూసేది. మేకపోతు తల వంచితే నా కాళ్ల మధ్య దూరేది. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు గేటు తీస్తే, తోకాడిస్తూ నా కుర్చీ దాకా దారి చూపించింది. ముప్పై ఎనిమిదేళ్లు బడి నడిపాను, ఇలాంటి విద్యార్థులను చాలామందిని చూశాను. అందరికీ మంచి ఉద్యోగాలే వచ్చాయి.

దానికి ముచదూర అని ఆ పేరెందుకు నాన్నా అన్నావు. ముచదూర, అంటే ‘ఒప్పుకుంటారులే’ అని కుక్కను పిలిస్తే తగలాల్సినవాడికి తగులుతుంది. మీ తాత కూడా ఎదుటివాడి ముఖాన అనలేనిదంతా కుక్కల పేర్లలో అనేవాడు. వానల్లో నా మేకలు రెండు మాయమైనప్పుడు పక్కింటి గ్వాటిడ్జోని ఊరిపెద్ద ముందు దొంగ అన్నాను కదా. రుజువు లేదన్నారు. అందుకే రోజూ సాయంత్రం కంచె దగ్గర నిలబడి, నాలుగో తరగతి మూడేళ్లు చదివినవాడికి కూడా అర్థమయ్యేంత గట్టిగా కుక్కను పిలిచాను.

కుక్క వచ్చేది కాదు. వాడి వాకిట్లోనే పడుకుని ఉండేది.

“ఇక్కడే ఉంది మాస్టారూ మీ ‘ఒప్పుకుంటారులే’! పొద్దుట్నుంచీ అడుగుతోంది, నేనింకా ఏమీ ఒప్పుకోలేదు!” అని వాడు అరిచేవాడు.

“ఇంకో ఎండుచేప వెయ్యవయ్యా, అదే ఏదో ఒకటి ఒప్పుకుంటుంది!” అని వాడి పెళ్లాం పగలబడి నవ్వేది.

నచ్చకపోతే ఎవరికైనా ఇచ్చెయ్యమన్నావు. పాస్టరుకి ఇచ్చాను. పని చెయ్యకుండా తినడంలో ఇద్దరికీ పొత్తు కుదురుతుందనుకున్నాను. రెండో రోజుకే తిరిగొచ్చి గ్వాటిడ్జో గుమ్మంలో పడుకుంది.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచింది రాస్తాను. ఆ మేకలను ఎవరూ ఎత్తుకుపోలేదు. ఇటుకల కోసం నేనే తవ్వించి కప్పకుండా వదిలేసిన గుంటలో పడి చచ్చాయి. ఊరిపెద్ద దగ్గర అరిచి వచ్చిన మూడో రోజున చూశాను. తప్పు నాదేనని వెళ్లి చెప్పడానికి నోరు రాలేదు. మట్టి పోసి పూడ్చేశాను. నువ్వు నా మాట నమ్మావు. ఈస్టరుకి వచ్చినప్పుడు గ్వాటిడ్జో పలకరిస్తే తల తిప్పుకున్నావు. చిన్నప్పుడు నిన్ను భుజాన ఎక్కించుకుని వాగు దాటించినవాడు వాడే. నేను చూస్తూ ఊరుకున్నాను.

పోయిన మంగళవారం ఆ కుక్క నేను పూడ్చిన గుంటను తవ్వింది. మేక మెడపట్టీని గంటతో సహా లాక్కెళ్లి గ్వాటిడ్జో కాళ్ల దగ్గర పెట్టింది. వాడు దాన్ని పట్టుకుని వచ్చాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.

“మాస్టారూ, ఇది మీదే.”

“అయితే?”

“ఏం లేదు. ఈ కుక్క మీకు సరిపడదు. నాకిచ్చెయ్యండి.”

రెండు రోజులు తల పట్టుకున్నాను. ఇస్తే ఆ పేరు వాడి నోట్లోకి పోతుంది. ఇక రోజూ వాడు పిలుస్తాడు, నేను వినాలి. ఇవ్వకపోతే పట్టీ సంగతి ఊరంతా చెబుతాడనిపించింది. చివరికి తాడు కట్టి తీసుకెళ్లి ఇచ్చాను. ఆ సాయంత్రం కంచె ఇవతల చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

వాడు ఈల వేశాడు. మర్నాడూ ఈలే. పేరు ఎత్తలేదు. పట్టీ సంగతి కూడా ఎవరితోనూ అనలేదు. వాడి పెళ్లాం నవ్వడం మానేసింది.

తిడితే తిరిగి తిట్టేవాణ్ణి. కానీ నాలుగో తరగతి దాటనివాడు నన్ను చూసి జాలిపడితే ఎలా భరించను? గురువారం ఊరి ఆచారం ప్రకారం ఎవరూ పొలానికి వెళ్లరు, అందరూ ఊరిపెద్ద వాకిట్లోనే ఉంటారు. అక్కడే చెప్పేస్తాను. జరిమానాగా ఇవ్వాల్సిన మేకను ఇప్పుడే విడిగా కట్టేశాను. ఇది ఇంకొకరి నోట నువ్వు వినకూడదని ముందుగా రాస్తున్నాను.

ఈసారి వచ్చినప్పుడు ముందు వాళ్లింటికి వెళ్లు. ఆ తరువాత నీకు మనసొప్పితే ఇటు రా.

ఇట్లు,
నువ్వు నమ్మిన
నీ నాన్న