రెండొందల ఏడులో వదులు చేసిన నట్టు

బావా,

నువ్వూ అక్కా కులాసాయే కదా. నవ్వకుండా చదువు. నువ్వు నేర్పిన పనే నా ఉద్యోగానికి ఎసరు పెట్టేలా ఉంది.

హోటల్లో అరవై బాత్‌రూములు. నువ్వు చెప్పినట్టే నెలకోసారి ప్రతి వాష్‌బేసిన్ కింద పైపు అతుకుకి పొడి కాగితం చుట్టి, మర్నాడు విప్పి చూస్తాను. కాస్త చెమ్మ తగిలినా వాషర్ మార్చేస్తాను. కారేదాకా ఆగను.

మొన్న కొత్త మేనేజరుగారు నా రిజిస్టరు తిరగేశారు. ఏడాది పొడుగునా 'బాగుంది' అనే ఉంది. వాషర్లు మార్చిన సంగతి నేను రాయలేదు. బాగుచేశాక బాగుందనే కదా రాయాలి?

"అన్నీ బాగానే ఉంటే ఇంక మీరెందుకండీ?" అన్నారాయన.

ఆయనన్నదీ నిజమేనేమో. కాదేమో.

"ఒక్క రిపేరైనా చూపించండి" అన్నారు.

మనసు రాయి చేసుకుని, ఖాళీగా ఉన్న రెండొందల ఏడో నంబరు గదిలో బేసిన్ కింద అతుకు నట్టు వదులు చేసి కాగితం చుట్టాను. ఇవాళ పొద్దున ఆయన్ని వెంటబెట్టుకెళ్ళి విప్పితే కాగితం పొడిగా ఉంది. నట్టు గట్టిగా బిగించి ఉంది.

"ఇదీ బాగానే ఉందిగా!" అని ఆయన వెళ్ళిపోయారు.

గది తాళం నా దగ్గరే ఉంది బావా. బాగా ఆలోచిస్తే, నిన్న తలుపేసేముందు ఎందుకో మళ్ళీ వంగి, ఆ నట్టు మీద చెయ్యి వేసినట్టు గుర్తు.

ఇంకోసారి వదులు చెయ్యమంటావా? చేస్తాను సరే, ఈ చేతినేం చెయ్యను?

నీ బావమరిది