కొలిమి చల్లారేదాకా

ప్రియమైన బావకి,

పిల్లకి జ్వరం తగ్గిందని రాశావు, ప్రాణం కుదుటపడింది. ఇక్కడి సంగతే బాగాలేదు. గనిలో పనికిరాదని పారేసిన రాయి ఇది. ఇనుమూ మాంగనీసూ కలగలిసి ఉన్నాయి, రెండూ అంతంతమాత్రమే. బొగ్గుపొడి కలిపి కాలిస్తే ఇనుము నల్లబడి అయస్కాంతానికి అంటుకోవాలి, మాంగనీసు విడిగా మిగలాలి. రెండుసార్లు కాల్చాం. రెండుసార్లూ బయటికి తియ్యగానే ఎర్రబడి కూర్చుంది. అయస్కాంతం దాని మొహం కూడా చూడలేదు. మూడోసారీ ఇంతే అయితే ఈ కొలిమి మూసేస్తారు, నేను ఇంటికొచ్చేస్తాను.

నీ రాళ్లపిచ్చి

ప్రియమైన రాళ్లపిచ్చికి,

అబద్ధమెందుకు, నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. నీ అయస్కాంతానికి ఏదీ అంటుకోకూడదని మొక్కుకుంటున్నా. తిట్టుకుంటే తిట్టుకో. నేను వేసే జడ ఎలకతోకలా ఉందని బడిలో నవ్వుతున్నారట. ఇంతమందికి చొక్కాలు కుట్టేవాడివి, జడ రాదా అని పిల్ల నిలదీస్తోంది. మన గదికి కొత్త కర్టెన్లు మొదలుపెట్టాను, నీకిష్టమైన ఆకుపచ్చవి. వచ్చెయ్.

నీ దర్జీ బావ

ప్రియమైన బావకి,

తప్పెక్కడో దొరికింది. మా కొలిమి మేస్త్రీ ఇదివరకు రొట్టెల బట్టీలో చేశాడు. కాలగానే తలుపు తీసి వేడివేడిగా బయటికి లాగడం ఆయనకి అలవాటు. ఆ వేడిమీద గాలి తగిలితే ఇనుము మళ్లీ మొదటికొస్తుంది. తలుపు మూసే చల్లార్చాలి.

మూడోసారీ ఆయన కొక్కెం పట్టుకుని బయల్దేరాడు. నేను నోరు మూసుకుంటే చాలు, నీ మొక్కు తీరేది. నీ ఉత్తరం జేబులోనే ఉంది.

"తియ్యకు బాబాయ్" అన్నాను.

"మాడిపోదూ?" అన్నాడు.

"ఇది రొట్టె కాదు. చల్లారనీ."

పొడి నల్లగా వచ్చింది. ఇనుమంతా అయస్కాంతానికి జుట్టులా వేలాడింది, మాంగనీసు కింద మిగిలింది. ఇక ఇక్కడ పని ఏళ్లపాటు సాగుతుంది. తెలిసి తెలిసి పాడుచేసి ఇంటికొస్తే నీ మొహం ఎలా చూడను? రావడం లేదు బావా. రాస్తుంటే ఏడుపొస్తోంది.

నీ రాళ్లపిచ్చి

ప్రియమైన రాళ్లపిచ్చికి,

కోపమొచ్చింది. కొట్టు మూసి ముసుగుతన్ని పడుకున్నాను. "అమ్మ రాయి అంటుకుందా?" అని పిల్ల అడిగింది. అంటుకుందే అన్నాను. "మరి నువ్వెందుకు పడుకున్నావ్?" అంది. లేచి కొట్టు తెరిచాను.

అక్కడ పనివాళ్ల చొక్కాలు చిరగవా ఏంటి? కుట్టుమిషన్ మూటకడుతున్నాను. బడికి సెలవులివ్వగానే ఇద్దరం వచ్చేస్తాం. పిల్ల జడ సంగతి ఇక నువ్వు చూసుకో. కర్టెన్లు పూర్తయ్యాయి గానీ, అవి ఈ కిటికీకి కుట్టినవి. విప్పి మళ్లీ కుడతాను. నీ గది కిటికీ కొలత పంపు.

నీ దర్జీ బావ