ఒంటి తాడు మీద లిఫ్టు

జూలై పద్నాలుగు, సోమవారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. బాల్కనీ తూము పూడుకుపోతే చీపురు పుల్లలతో పొడిచి నీళ్ళు వదిలించాను.

అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. ఇంట్లో తూముకు తప్ప ఎవరికీ ఏ జబ్బూ లేదు. నువ్వూ బావగారూ కూడా అలాగే ఉన్నారనుకుంటున్నాను.

నీ ఉత్తరం గురువారం అందింది. అడిగినవాటికి వరసగా చెబుతాను. బావగారి కంటి చుక్కల మందు మూత తీసి నెల దాటితే పారేయాలట. మిగిలింది కదా అని దాచవద్దు. నీ మరదలి కుట్టుమిషను బాగైంది. ఇప్పుడు ఆవిడ నోరూ మిషనూ ఒకే వేగంతో నడుస్తున్నాయి. ఈ వాక్యం ఆవిడ నా భుజం మీదుగా చదివేసింది. "మీ అక్కయ్యని నవ్వొద్దనండి" అంటోంది. ఈ కాలంలో కూడా ఉత్తరాలేమిటని మీ అబ్బాయి వెక్కిరించాడని రాశావు. ఫోనులో నీకు వినపడదు, నాకు నోరు పెగలదు, ఇద్దరం ఆ, ఊ అనుకుని పెట్టేయడం తప్ప ఏముంటుందని వాడితో చెప్పు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "ఒరేయ్, ఆ గ్రూపును నువ్వు పెంచుతున్నావా, అదే నిన్ను మేస్తోందా?" అని అడిగావు. దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. కాస్త మొదటి నుంచి చెప్పుకురావాలి.

లిఫ్టు మెకానిక్కుది ఒంటరి పని. అడుగున గోతిలోకి దిగినా, మిద్దె మీది మిషను గదిలో కూర్చున్నా, సలహా అడగడానికి పక్కన మనిషి ఉండడు. అందుకే నలుగురం కలిసి ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. జీతాలు లేవు, చందాలు లేవు. ఉన్నది ఒకటే కట్టుబాటు. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు "మెయిన్ ఆపావా?" అని అడగాలి. అడిగినవాడు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, ఆ తాళం ఫొటో పంపాలి. అది చూశాకే జవాబు. మన చేతులు లోపల ఉండగా పైన ఎవరో తెలియక స్విచ్ వేస్తే క్యాబిన్ కదులుతుంది. ఆ తర్వాత వేళ్ళు ఎన్ని మిగిలాయో చూసుకోవాలి.

నలుగురం నలభై మందిమి అయ్యాం. చూస్తుండగానే వేలల్లోకి పోయింది. నాకు తెలియని ఊళ్ళు, నేను కళ్ళతో చూడని రకం లిఫ్టులు. అయినా ఫొటో చూసి సరేననే అధికారం మాత్రం నా ఒక్కడి దగ్గరే పెట్టుకున్నాను. సాయం చేస్తామని ఎంతమంది వచ్చినా మర్యాదగానే వద్దన్నాను. తలో చెయ్యీ వేస్తే కట్టుబాటు చెడుతుందని నా భయం. కంచం ముందు ఫోను, బస్సులో ఫోను. నీ మరదలు ఆ ఫోనుకు సవతి అని పేరు కూడా పెట్టింది.

వేసవిలో జరిగింది నీకు సగమే రాశాను. ఒకతను తలుపు మోటారు గురించి అడిగి, తాళం ఫొటో పంపాడు. చూశాను, సరేనన్నాను. అది పాత ఫొటో. చాలామంది ఒక ఫొటో తీసి దాచుకుని, అడిగినప్పుడల్లా అదే పంపుతున్నారట. రోజూ అన్నేసి ఫొటోలు ఒక్కడినే చూసి చూసి, నేనూ తాళాన్ని చూడటం మానేశాను. ఫొటో వచ్చిందా లేదా, అంతే. అతను చెయ్యి పెట్టి ఉండగా క్యాబిన్ కదిలింది. రెండు వేళ్ళు చితికాయి. "తప్పు నాదే గురువుగారూ, బద్ధకించి పైకి ఎక్కలేదు" అని అతనే మంచం మీద నుంచి రాశాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు. ఎవరినీ అడగకుండా, ఒక్క అక్షరం కూడా ఎవరూ రాయడానికి వీల్లేకుండా గ్రూపు మూసేశాను. రెండు రోజులకు తెరవగానే ఒకమ్మాయి రాసింది. ఆస్పత్రిలో లిఫ్టులు చూసే మెకానిక్కు. అందరం ఆస్పత్రి చెల్లెమ్మ అంటాం.

"అన్నా, మీరు మూసిన రోజే మా లిఫ్టులో ఒక నర్సూ, ఒక ముసలాయనా ఇరుక్కున్నారు. కొత్త రకం బ్రేకు. ఎలా వదిలించాలో అడుగుదామంటే ఎవరున్నారు? ఎలాగో బయటికి తీశాను గానీ, అప్పటిదాకా ఆ ముసలాయన ఏడుపు వింటూనే ఉన్నాను. మీ కోపం న్యాయమే. కానీ అలిగి గడియ పెట్టుకోవడానికి ఇది మీ పడగ్గది కాదు కదా అన్నా!"

ఆ మాట మింగుడుపడటానికి నాకు వారం పట్టింది. అప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం, వీలున్నవాళ్ళందరినీ ఫోను సమావేశానికి పిలిచాను. చెల్లెమ్మ సూటిగా విషయంలోకి వచ్చింది. ఓట్లు పెట్టి, ఫొటోలు చూడటానికి అయిదుగురు కాపలావాళ్ళను ఎన్నుకోవాలి, ఏడాదికోసారి మార్చాలి, గ్రూపు మూయాలంటే అయిదుగురూ ఒప్పుకోవాలి. వెంటనే స్ప్రింగు మామ అందుకున్నాడు. మా అందరికంటే పెద్దవాడు. ఏ లిఫ్టు ఆగినా తప్పు స్ప్రింగుదే అంటాడు కాబట్టి ఆ పేరు.

"ఓట్లేంటమ్మా ఓట్లు? మనం బాగుచేసేది లిఫ్టులా, దేశాన్నా? ఇన్నాళ్ళూ అతనొక్కడే మోయలేదా?"

"మామా, లిఫ్టుకి ఇనుప తాళ్ళు ఎన్ని ఉంటాయి?"

"నన్నే అడుగుతున్నావా? నాలుగో, అయిదో, ఆరో. లిఫ్టుని బట్టి."

"ఒక్కటి వేస్తే బరువు ఆగదా?"

"ఎందుకాగదు? నిక్షేపంలా ఆగుతుంది."

"మరి అన్ని ఎందుకు?"

"ఒకటి తెగితే నీ బాబు పట్టుకుంటాడా?" అని, ఠక్కున ఆగిపోయాడు మామ.

"అదే మామా," అంది చెల్లెమ్మ. "అన్న గట్టివాడు కాదని ఎవరన్నారు?"

ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూసింది. తర్వాత వేళ్ళు చితికినతను గొంతు సవరించుకున్నాడు. "నాదో మాట. పొద్దున్నే గ్రూపులో ఒక పదం పెడదాం. ఆవేళ ఎవరు మెయిన్ ఆపినా, ఆ పదాన్ని తాళం పక్కన సుద్దముక్కతో రాసి ఫొటో తీయాలి. నిన్నటి ఫొటో ఇవాళ చెల్లదు. పదం నేనే పెడతా. చెయ్యి కట్టులో ఉంది, నాకేం పని?"

"అయితే మొదటి పదం స్ప్రింగు!" అన్నాడు మామ. అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఫోనులో నేను నవ్వగా వినడం అదే మొదటిసారి అన్నారు.

ఇంతవరకూ బాగానే రాశాను. రాయకుండా దాటేద్దామనుకున్నవి రెండున్నాయి. నీ మరదలు గొడుగేసుకుని బజారుకు వెళ్ళింది గనక ఇప్పుడు రాసేస్తాను.

మొదటిది. ఓట్లు పెట్టినా నేను నిలబడనని పోయిన ఉత్తరంలో నీకు గొప్పగా రాశాను. నిలబడ్డాను. ఓడిపోయాను. చెల్లెమ్మ గెలిచింది. స్ప్రింగు మామ కూడా గెలిచాడు! "బాధపడ్డారా అన్నా?" అని చెల్లెమ్మ ఫోను చేస్తే, ఎందుకమ్మా అన్నాను. బాధపడ్డాను అక్కయ్యా. నీతో కాక ఎవరితో చెప్పుకోను? నాలుగు రోజులు బస్సులో ఫోను తీయడం, చూడాల్సిందేమీ లేక జేబులో పెట్టుకోవడం. కన్నకూతురికి పెళ్ళిచేసి పంపినవాడు ఖాళీ గది తలుపు తీసి చూసినట్టు.

రెండోది మొన్న శుక్రవారం జరిగింది. ఒక పాత లాడ్జిలో లిఫ్టు తలుపు మూసుకోవడం లేదన్నారు. లోపల కొత్త రకం ఎలక్ట్రానిక్ బోర్డు. నాకు అంతుపట్టలేదు. ఎన్నో ఏళ్ళకు మొదటిసారి గ్రూపులో నేను ప్రశ్న అడిగాను. ఆవేళ పదం గుమ్మడికాయ. మెయిన్ ఆపాను, పక్కన సుద్దతో గుమ్మడికాయ అని రాశాను, ఫొటో పంపాను, కిందికి దిగాను. తాళం మాత్రం సంచిలోనే ఉంది. లాడ్జి ఖాళీగా ఉంది, ఎవరొస్తారులే అనుకున్నాను.

ఓట్లకు ముందు నేను పేరు కూడా వినని ఒక కాపలామనిషి నుంచి జవాబు వచ్చింది. "తాళం కనబడటం లేదు సార్. వేసి మళ్ళీ పంపండి. అప్పటిదాకా ఎవరూ జవాబు ఇవ్వకండి."

గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకున్నాను. అయినా పొగరు చావలేదు. 'నేనెవరో తెలుసా' అని రాశాను. పంపకుండా చెరిపేశాను. తిట్టుకుంటూ మళ్ళీ ఆ మెట్లన్నీ ఎక్కి, తాళం తగిలించి చెవి తిప్పాను. తిప్పి ఇంకా చెవి బయటికి తీయలేదు, లాడ్జి వాచ్‌మన్ తడిచేతులు తుడుచుకుంటూ గదిలోకి వచ్చాడు.

"నీళ్ళు రావట్లేదు సార్, మోటారు వేద్దామని. ఈ స్విచ్చే కదా?"

చూపుడువేలితో పక్క స్విచ్ చూపించాను. అతను వెళ్ళాక అక్కడే మెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసుకున్నాను. కొత్త ఫొటో పంపి కిందికి వచ్చేసరికి జవాబు సిద్ధంగా ఉంది. నేనైతే ఆ బోర్డు గురించి అలా చెప్పగలిగేవాణ్ణి కాదు. తలుపు చక్కగా మూసుకుంది. ధన్యవాదాలు అని రాశాను. "మంచిది సార్, జాగ్రత్త" అన్నాడు. ఆ నంబరు ఎవరిదో అతనికి తెలియదు. తెలియకపోవడం ఎంత మంచిదైందో!

కాబట్టి అక్కయ్యా, నీ ప్రశ్నకు జవాబు ఇదీ. ఇప్పుడది నన్ను మేయడం లేదు, కాస్తోంది. వచ్చే ఏడాది ఓట్లకు మళ్ళీ నిలబడతాను. ఓడితే ఓడతాను.

ఈ రెండో సంగతి నీ మరదలికి చెప్పకు. బావగారికి చెప్పినా ఫరవాలేదు, ఆయన ఎలాగూ మర్చిపోతారు. మెట్ల మీద చెప్పుల చప్పుడవుతోంది. వచ్చేలోగా బియ్యం కడిగి పెట్టమని చెప్పి వెళ్ళింది, నేను చూస్తే ఇంకా

ఇట్లు,
నీ తమ్ముడు