మందు డ్రమ్ములో బతికిన పురుగు

మండల వైద్యాధికారి గారి సముఖమునకు,

తుమ్మలగుంటపాలెం, చర్చి బజారు కాపురస్తుడు, మందు కొట్టే కూలీ గుడిపూడి ప్రేమదాసు, వయస్సు 62, వ్రాసుకొనిన అర్జీ.

విషయం: ఆగస్టు నెలలో నేను ఇచ్చిన ఫిర్యాదు అబద్ధమని ఒప్పుకొనుట గురించి, దానిని పట్టుకొని ఆశా కార్యకర్త నస్రత్‌ను తీసివేయరాదని, మా గోడ మీది ఎర్ర గుర్తుకు సున్నం కొట్టరాదని.

అయ్యా,

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, ఈ అర్జీ నా చేత్తో నేనే రాస్తున్నాను. తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చొని అర్జీలు రాసే అనంతపద్మనాభం గారి దగ్గరికి ముందు వెళ్లాను. అంతా విని ఆయన పెన్ను మూత పెట్టేశారు. "నీ తప్పు నువ్వే రాసుకుంటే అది అర్జీ ఎట్టా అవుద్దయ్యా ప్రేమదాసూ. ఎదుటోడి తప్పు ఉండాలి" అన్నారు. ఎదుటివారి తప్పు కూడా ఉన్నది. అది ఐదో అంశంలో వస్తుంది. వరసలో ముందు జరిగింది నా తప్పు కనుక ముందు దాన్నే రాస్తున్నాను.

1. నేను ముప్పై ఒక్క సంవత్సరాలుగా మిరప, పత్తి చేలలో పురుగుమందు కొట్టుచున్నాను. వీపున ట్యాంకు పెట్టుకొని నేను నడిచిన సాలులో పురుగు మిగిలిందని ఇంతవరకు ఏ రైతూ అనలేదు. మా ఊరికి కుళాయి నీళ్లు మూడు రోజులకొకసారి వచ్చును. అందువలన చేలో మందు కలిపే నీలం డ్రమ్ములు పాతబడినాక ఇంటికి తెచ్చుకొని, కడిగి, వాడకం నీళ్లు పట్టుకొనుట మా ఊరి అలవాటు. మా వాకిట్లో అలాంటివి నాలుగు ఉన్నవి. మందు పీల్చిన డ్రమ్ములో ఏ పురుగూ పుట్టదని మా బజారంతటికీ నమ్మకం. ఆ మాట బజారులో పుట్టించింది నేనే.

2. ఆగస్టు మొదటి శుక్రవారం నస్రత్ మా ఇంటికి వచ్చినది. ఆమె మా ఊరి పిల్లే, నన్ను పెదనాన్నా అంటుంది. డ్రమ్ములో నీళ్లు ముంచి, తెల్ల పళ్లెంలో పోసి, ఎండలో నా ముందు పెట్టింది.

"చూడు పెదనాన్నా, ఎట్టా కదులుతున్నయ్యో."

"ఏం చూడాలమ్మా? పచ్చపురుగే చచ్చే మందు కలిపిన డ్రమ్మిది. దోమపిల్ల బతుకుద్దా?"

"ఇంటికి తెచ్చాక కడిగావా లేదా?"

"మూడుసార్లు కడిగా. సబ్బేసి కడిగా."

"మరి ఇంకా మందెక్కడుంది పెదనాన్నా?"

పళ్లెం లాక్కొని నీళ్లు పారబోశాను. పురుగుల సంగతి నాకు చెప్పొచ్చావా అన్నాను. ఇంకా కొన్ని అన్నాను, అవి అర్జీలో రాయదగినవి కావు. ఆ పిల్ల మా గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద సున్నా చుట్టి, లోపల 'లార్వా' అని రాసి వెళ్లిపోయింది. మరునాడే నేను పంచాయతీ కార్యదర్శి శశిభూషణ్ గారికి ఫిర్యాదు ఇచ్చాను. మా ఇంట పురుగు లేదని, నస్రత్ కక్షతో గుర్తు వేసిందని అందులో రాశాను. అయ్యా, పురుగులు ఉన్నవి. పారబోసే ముందు పళ్లెంలోకి ఓరగా చూశాను. చూసీ చూడనట్టు ఉన్నాను.

3. రెండు వారాలు తిరగకముందే మా మనవరాలు స్తుతికి జ్వరం తగిలింది. ఏడేళ్ల పిల్ల. డెంగీ అన్నారు. గుంటూరు ఆస్పత్రిలో ఆరు రోజులున్నాము. "తాతా, ఈ చెయ్యి నొప్పి, సూది ఆ చేతికి పొడవమను" అని పిల్ల బతిమాలుతుంటే, రెండో చెయ్యి కూడా అప్పటికే వాచి ఉంది. ఇంటి దగ్గర నీళ్లు నిలవ పెడతారా అని డాక్టరమ్మ అడిగారు. లేదండి అన్నాను. అంత జరిగాక కూడా లేదనే అన్నాను. వెనక నుంచి మా ఆవిడ ఆదెమ్మ, "నాలుగు డ్రమ్ములున్నయ్యమ్మా, ఈయన చెప్పడు" అంది. నలభై ఏళ్ల కాపురంలో నలుగురిలో నా మాట కాదనడం ఆదెమ్మకు అదే మొదలు. దేవునికి స్తోత్రం, పిల్ల బతికింది. బతక్కపోతే నేను ఏమైపోయేవాడినో నాకు తెలియదు.

4. ఊరికి రాగానే నస్రత్ ఇంటికి నేనే నడిచి వెళ్లాను. తప్పయిందమ్మా, ఆ పళ్లెం ఒకసారి మళ్లీ చూపించు అన్నాను. వచ్చి చూపించింది. తల కిందికీ తోక పైకీ పెట్టి వేలాడుతున్నాయి. చేతి నీడ పడగానే గిలగిలా అడుక్కి పోతున్నాయి. ముప్పై ఒక్క ఏళ్లు ఆకు తిప్పి గుడ్డు చూసి పురుగు పేరు చెప్పినవాడిని, నా వాకిట్లో పురుగును పోల్చుకోలేకపోయాను. నీళ్లు పారబోస్తే చాలదని, గుడ్లు డ్రమ్ము లోపలి గోడకు అంటుకొని నెలల తరబడి ఎండలోనూ ఉంటాయని, నీళ్లు తగలగానే మళ్లీ లేస్తాయని ఆమే చెప్పింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం డ్రమ్ములు బోర్లించి, కొబ్బరి పీచుతో లోపలంతా రుద్ది, ఎండబెట్టి, మళ్లీ నీళ్లు పట్టి, మూతికి పాత లుంగీ కడుతున్నాను. తరువాత పళ్లెం పట్టుకొని బజారున పడతాను. కోళ్లకు నీళ్లు పెట్టే చిప్ప, రేకుల మీద బరువుకు వేసిన టైరు, ఫ్రిజ్ వెనక తట్ట, ఏదీ వదలను. ఎదురింటి కోటిరత్నం డ్రమ్ములో మూతెడు పత్తి మందు పోస్తానంటే చెయ్యి పట్టుకొని ఆపాను. ఆ మందు మనిషిని ఏం చేస్తుందో చేలో కళ్లారా చూసినవాడిని గనుక నా మాట వింది. గోడ మీద గుర్తు ఉన్నవాడే వచ్చి చెప్తున్నాడని జనం తలుపు తీస్తున్నారు. గుర్తు పోతే నా మాటకు ఆ విలువ కూడా ఉండదు.

5. ఇప్పుడు ఎదుటివారి తప్పు. నెలాఖరుకు పైఅధికారులు తనిఖీకి వస్తున్నారని శశిభూషణ్ గారు సున్నం బకెట్టుతో మనిషిని పంపినారు. నేను గోడకు అడ్డంగా మంచం వేసుకొని కూర్చున్నాను. ఆయనే వచ్చారు.

"గుర్తు తప్పని నువ్వే కదా కాయితం ఇచ్చావు? చెరిపిస్తుంటే అడ్డమేంటి?"

"ఆ కాయితం అబద్ధమండి. గుర్తే నిజం."

"ఇచ్చిన కాయితం ఇచ్చినట్టే. దాని మీద ఆ అమ్మాయిని తీసెయ్యమని పైకి రాశాను కూడా."

అసలు సంగతి వేరే ఉంది. పంచాయతీ షెడ్డులో దోమలకు పొగ కొట్టే మెషీను పక్కన సిమెంటు తొట్టి ఉంది. దానిలో పురుగులున్నాయని నస్రత్ రెండుసార్లు రాసిచ్చింది. నేనూ వెళ్లి ముంచాను. ఒక్క ముంతలో ముప్పై ఎనిమిది ఉన్నవి. పళ్లెం ఆయన బల్ల మీద పెడితే, ప్రభుత్వ తొట్టిలో నీళ్లు పారబోయాలంటే తీర్మానం కావాలన్నారు. మా స్తుతిని కుట్టిన దోమ తీర్మానం చేయించుకొని రాలేదండి అన్నాను. ఆయన గొంతు పెంచారు, నేనూ పెంచాను.

6. కావున నా ఫిర్యాదును చెల్లనిదిగా చేసి నస్రత్‌ను ఆమె పనిలో ఉంచవలెను. ఫిర్యాదు మీద సంతకం నాది, శిక్ష ఏదైనా ఉంటే నాకు వేయండి, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. మా గోడ మీది సున్నా ఎంత ఉందో అంతే సున్నా పంచాయతీ షెడ్డుకు కూడా వేయించవలెను. రంగు లేదంటే నేను తెచ్చుకుంటాను. సున్నం బకెట్టు మళ్లీ వస్తే మంచం మళ్లీ వేస్తానని తమకు ముందుగా తెలియజేసుకొనుచున్నాను.

తమరు చిత్తగించవలెను. చిత్తగించేదాకా ప్రతి శుక్రవారం డ్రమ్ములు కడుక్కొని తమ ఆఫీసు మెట్ల మీదికి వచ్చి కూర్చుంటాను.

పంచాయతీకి కాకపోయినా తమకు విధేయుడు,
గుడిపూడి ప్రేమదాసు

తాజా కలం: పంచాయతీ తొట్టి నీళ్లు ఒక సీసాలో పోసి దీనితో పంపుతున్నాను. ఇవాళ పొద్దున ముంచినవే. వారం పది రోజుల్లో వీటికి రెక్కలొస్తాయని నస్రత్ చెప్పింది. అర్జీని బల్ల మీద ఎన్నాళ్లు ఉంచుకుంటారో తమ ఇష్టం, సీసా మాత్రం అన్నాళ్లు ఆగదు. మూతికి కట్టిన గుడ్డ విప్పకండి. అది స్తుతి ఆస్పత్రిలో వేసుకున్న గౌను. మళ్లీ వేసుకోనంది.