ఆదివారం ఫోను

ఆదివారం, బెడోక్

ఏం చేయాలో తోచడం లేదు. మా అమ్మాయి మామగారు, మా బావగారు పోయి ఐదు రోజులైంది. క్యూబాలో ఉన్న వాళ్ళమ్మకు ఇంకా చెప్పలేదు. తొంభై దాటిన మనిషి తట్టుకోలేదని నేనే అడ్డుపడ్డాను.

అక్కణ్ణించి షిప్‌యార్డు పనికి వచ్చి ఇక్కడే సంసారం పెట్టుకున్నారాయన. పిల్లల టిఫిన్ డబ్బాలు తానే సర్దేవారు. ఆదివారం పొద్దున తల్లికి ఫోన్ చేయడం ముప్పై ఏళ్ళలో ఒక్క వారమూ మానలేదు. ఇవాళ తండ్రిలాగా మా అల్లుడు డానియెల్ మాట్లాడాడు. ఇద్దరి గొంతూ ఒక్కటే. ఆ ఉపాయమూ నాదే.

ఆమె ఫోనెత్తగానే బావగారు ఏం అడిగేవారో నాకు తెలుసు. "ఫస్ట్ తిన్నావా అనే అడుగుతా, బావగారూ. మీ ఇంట్లో లాగే" అని ఒకసారి చెప్పారు. ఆ ముక్క అల్లుడికి చెప్పడం మర్చిపోయాను. అతను నేరుగా వానల సంగతి, ఆమె మోకాళ్ళ నొప్పుల సంగతి ఎత్తుకున్నాడు.

తర్వాత ఆమె స్పానిష్‌లో మెల్లగా ఏదో అడిగింది. డానియెల్ తల వంచుకుని ఏడ్చేశాడు. ఏమన్నారని అమ్మాయిని అడిగాను.

"'తిన్నావా, డానియెల్' అంటోంది, నాన్నా."