దెబ్బ తినని ఒంటికి పిల్లనివ్వను

రాయపూర్, రైల్వే క్వార్టర్లు
వినాయక చవితి వెళ్ళిన వారం, 1951

పూజ్యులైన దానయ్య మావయ్య గారికి,

మీ మేనల్లుడు మల్లేశ్వరరావు నమస్కరించి వ్రాసుకునేది. ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. అక్కడ మీరూ, భవానీ, కర్రసాము గరిడీలో మీ శిష్యులూ బాగున్నారని తలుస్తున్నాం.

వేసంగిలో అమ్మ విజయనగరం వచ్చి సంబంధం మాట ఎత్తినప్పుడు మీరు అన్న మాట నాకు చేరింది. "గూడ్సాఫీసులో కుర్చీ అరగదీసే గుంటడికి నా కూతురా? దెబ్బ తినని ఒంటికి పిల్లనివ్వను" అన్నారట. అమ్మ ఏడుస్తూ చెప్పింది, నేను నవ్వుతూ విన్నాను. మీరు నిజంగానే అన్నారని తెలిశాక నా నవ్వు ఆగిపోయింది. మావయ్యా, నాకు భవాని కావాలి. చిన్నప్పటినుంచీ అనుకున్న సంబంధమని కాదు, నేనే కావాలనుకుంటున్నాను కాబట్టి కావాలి.

అందుకని గుఢియారీలో ఒక అఖాడాలో చేరాను. రైలు పట్టాలు దాటితే బజారు వెనకాల ఉంది. మీది కర్రసాము, ఇక్కడ కుస్తీ, అంతే తేడా. ఉస్తాద్ పేరు బిసాహూ పహిల్వాన్. పొద్దున కుస్తీ నేర్పుతాడు, తరవాత పాలకొట్లో కూర్చుంటాడు. వచ్చినప్పటినుంచీ నాచేత పార పట్టించి గోదాలో మట్టి తవ్విస్తున్నాడు. ఆ మట్టిలో ఆవనూనె, మజ్జిగ, పసుపు కలిపి పిసకాలి. తరవాత ఎవరో ఒకరు నాకు నూనె పట్టించి ఒళ్ళు రుద్దుతారు. ఇంకా ఎవరూ కొట్టలేదు. అయినా చేరడమంటూ చేరాను కదా, మాఘమాసంలో ముహూర్తం పెట్టించమని ప్రార్థన.

మీ దయకోసం చూస్తూ,
మల్లేశ్వరరావు

తా.క. మట్టి తవ్వి తవ్వి అరచేతుల నిండా బొబ్బలెక్కాయి. బొబ్బల్ని దెబ్బల కింద జమ కడతారా?


విజయనగరం
దసరా ముందు

చిరంజీవి మల్లేశుకి,

దానయ్య మావయ్య దీవించి వ్రాయునది. ఉత్తరం అందింది. చదివి ఒక్క కేక పెట్టాను. అది వీధిలో వాళ్ళందరికీ వినపడిందని భవాని అంటోంది.

ఒరే, మజ్జిగా పసుపూ నూనే కలిపితే పులుసవుతుంది గానీ విద్య అవుతుందిరా? నువ్వు చేరింది గరిడీ కాదు, ఒళ్ళు పట్టే మంగలి కొట్టు. మా గరిడీలో కాలు పెట్టినవాడికి మొదటిరోజే మోకాలి కింద ఒకటి తగులుతుంది. ఎందుకు తగిలిందో వాడు సాయంత్రం దాకా ఆలోచించుకుంటాడు. అదే పాఠం. దసరా నాడు మా కుర్రాళ్ళు చొక్కాలు విప్పి ఊరేగితే, జనం ఆ మచ్చలు చూసి ఎవడు ఎన్నాళ్ళు నేర్చాడో చెప్పేస్తారు. నీ ఒంటి మీద ఏముంది చూడ్డానికి? సిరా మరకలు!

నొప్పి తెలియనివాడికి పక్కవాడి నొప్పీ తెలియదు. అందుకే ఆ షరతు పెట్టాను. ఆ బిసాహూ దగ్గరికి వెళ్ళి "నన్ను కొట్టు" అని సూటిగా అడుగు. కొట్టకపోతే వాడి దగ్గర సరుకు లేదన్నమాట. ముహూర్తం సంగతి ఆ తరవాత.

కోపంగానే అయినా ఆశీస్సులతో,
దానయ్య

తా.క. ఈ ఉత్తరం మా అక్కకి చదివి వినిపించకు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. చిన్నప్పుడు నా మీదికి రోకలి విసిరింది కూడా అదేనని మాత్రం నువ్వు మరిచిపోకు.


రాయపూర్
దసరా వెళ్ళాక

పూజ్యులైన మావయ్య గారికి,

మల్లేశు నమస్కారాలు. మీరు చెప్పినట్టే చేశాను. చెయ్యకుండా ఉంటే బాగుండేది.

అందరూ ఉండగానే ఉస్తాద్ ఎదుట నిలబడి, "ఉస్తాద్ జీ, ముఝే మారియే" అన్నాను. గోదాలో పట్టు పట్టుకుని ఉన్నవాళ్ళు పట్టు వదిలేశారు. ఉస్తాద్ నన్ను ఎగాదిగా చూసి, భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. "కా హోగే బాబూ? ఘర్ మా కుఛూ హోగే కా?" అని మెల్లగా అడిగాడు. ఏమైంది, ఇంట్లో ఏమైనా జరిగిందా అని! పెద్ద లోటాతో పాలు తాగించాడు. ఉద్యోగం పోయిందేమోనని గూడ్సాఫీసు దాకా వచ్చి మా హెడ్ గుమాస్తా బడా బాబుని వాకబు చేశాడు. మర్నాడు మంత్రాలు వేసే ఒక బైగాని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చి, అమ్మతో మాట్లాడి, నా చేతికి తాయెత్తు కట్టించాడు.

అప్పటినుంచీ నన్ను పట్టి పడేసేవాళ్ళు కూడా, నిండు నేతిగిన్నె దించినట్టు కింద పెడుతున్నారు. పక్కవాళ్ళ మెడల మీద ఉస్తాద్ చెయ్యి పడితే చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తుంది. వాళ్ళ చెవులు నలిగి గవ్వల్లా అయిపోయాయి. వాళ్ళని "ఏ గదహా" అంటాడు, నన్ను "బాబూజీ" అంటాడు. మావయ్యా, గాడిద అనిపించుకోవాలని ఇంత ఆశపడతానని నేనెన్నడూ అనుకోలేదు. వేడుక చూడ్డానికి వచ్చిన చుట్టంలాగా ఉంది నా బతుకు. నిజంగా బాధగా ఉంది.

ముహూర్తం సంగతి దయచేసి ఆలోచించండి.

మీ మేనల్లుడు,
మల్లేశ్వరరావు

తా.క. ఆ పాలకి ఒళ్ళొచ్చి ఆఫీసు పంట్లాం బొత్తాం పట్టడం లేదు. అమ్మ మాత్రం ఉస్తాద్‌ని తెగ మెచ్చుకుంటోంది.


విజయనగరం
దీపావళి మర్నాడు

చిరంజీవి మల్లేశుకి,

మావయ్య వ్రాయునది. ఒరే అమాయకుడా, నీకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

వాడు నిన్ను కొట్టడు. బాబూజీ అంటాడు. లోటాలతో పాలు తాగిస్తాడు. నీ ఉద్యోగం గట్టిదో కాదో ఆఫీసుకెళ్ళి విచారిస్తాడు. ఇంటికొచ్చి తల్లిని మంచి చేసుకుంటాడు. నీ ఆరోగ్యానికి తాయెత్తు కట్టిస్తాడు. దీన్ని ఏమంటారో పెళ్ళీడు పిల్లలున్న ఏ తండ్రినైనా అడుగు! ఆ పహిల్వాన్‌కి కూతురుంది. వాడు నిన్ను అల్లుణ్ణి చేసుకుందామని చూస్తున్నాడు. కాబోయే అల్లుణ్ణి ఎవడైనా గోదాలో ఎత్తి కొడతాడా? ఎముక విరిగితే ముహూర్తం తప్పిపోదూ?

నీ ఉత్తరాలు నేను భవాని దగ్గర దాచను. ఈ మాట విన్నప్పటినుంచీ అది నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పెరట్లో పాతిన గుంజని కర్రతో కొడుతోంది. గుంజ కదిలిపోయింది.

నేను ఊరుకోను. గరిడీ గురువు అల్లుణ్ణి పాలలోటా చూపించి ఎగరేసుకుపోతే, నేను ఈ ఊళ్ళో చొక్కా విప్పి తిరగగలనా? ఈ మధ్య సాము వదిలేశాను గానీ మళ్ళీ మొదలుపెడుతున్నాను. నాలుగు రోజులు ఒళ్ళు సవరించుకుని, కర్ర పట్టుకుని రాయపూర్ పాసింజరు ఎక్కుతాను. గుఢియారీలోనే తేల్చుకుంటాం. వాడికి ఆ మాట చెప్పి ఉంచు.

పోరాటానికి సిద్ధంగా,
దానయ్య

తా.క. ఆ పిల్ల ఎంత పొడుగు ఉంటుందని భవాని అడగమంటోంది.


రాయపూర్
కార్తీకం చివర

పూజ్యులైన మావయ్య గారికి,

మల్లేశు నమస్కారాలు. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి. కుడిచెయ్యి భుజం దాకా లేవడం లేదు. సంతోషంగా ఉన్నాను.

మొదట, మీరు బయల్దేరకండి. ఉస్తాద్ కూతురికి పెళ్ళయి చాలా ఏళ్ళయింది. తిల్దాలో రైస్ మిల్లు దగ్గర కాపురముంటోంది, పిల్లల తల్లి. ఎంత పొడుగో నేను చూడలేదని భవానికి దయచేసి చెప్పండి.

మీ ఉత్తరం చదివి ఉండబట్టలేక ఉస్తాద్‌నే అడిగేశాను, నన్నెందుకు కొట్టవు అని. ఆయన ఆశ్చర్యపోయి, "తోలా కోన్ సౌంపే హే?" అన్నాడు. నిన్ను నాకు ఎవరు అప్పజెప్పారు అని. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, ఇంటి పెద్ద ఎవరైనా వచ్చి, పిల్లవాడి మణికట్టు పట్టుకుని ఉస్తాద్ చేతిలో పెట్టాలి. అప్పటినుంచీ ఆ ఒంటికి ఆయనది పూచీ. పెట్టనివాడు ఎన్నాళ్ళు వచ్చినా అతిథే. ఊరివాళ్ళందరికీ తెలిసిన సంగతి కాబట్టి నాకు ఎవరూ చెప్పలేదు. మనం పరాయి దేశం వాళ్ళం కాబట్టి అడగాలని నాకు తెలియలేదు.

నాన్న లేడు, మీరు అక్కడ ఉన్నారు. ఇక అమ్మే బయల్దేరింది. ఆడవాళ్ళు గోదాలోకి వెళ్ళకూడదు కాబట్టి గుమ్మం బయట నిలబడి నా మణికట్టు లోపలికి తోసి, పట్టాల అవతలికి వినపడేటట్టు అరిచింది: "ఏ లడ్కా అబ్ తుమారా! అచ్చాసే మారో! నాక్ పర్ నై మారో, షాదీ హై!" ఈ కుర్రాడు ఇక మీవాడు, బాగా కొట్టండి, ముక్కు మీద మాత్రం వద్దు, పెళ్ళి ఉంది అని! గోదా మొత్తం చేతులు జోడించింది.

మర్నాడు ఉస్తాద్ నన్ను భుజం మీదినుంచి తిప్పి నేలకి కొట్టాడు. ఒంట్లో ఉన్న గాలంతా ఒక్కసారి బయటికి పోయింది. ఆకాశం కనిపించింది గానీ అది ఆకాశమని తెలియడానికి కాస్త టైము పట్టింది. నొప్పి బాగా ఉంది మావయ్యా. కానీ భయం లేదు. ఆయన చెయ్యి ఎంత వేగంగా వచ్చినా ఆగవలసిన చోట ఆగుతోంది. అది ఒళ్ళే చెబుతుంది, మాటల్లో రాయలేను. ఒకరోజు ఉక్రోషంతో నేను నా జోడీని గట్టిగా పడేస్తే, ఉస్తాద్ నన్ను బయటికి పంపేశాడు. దెబ్బ తినడం రెండు నెలల్లో వస్తుందట, ఎంత కొట్టాలో తెలియడానికి జన్మ పడుతుందట. ఆ రోజే నన్ను మొదటిసారి గదహా అన్నాడు. కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఇప్పుడైనా ముహూర్తం పెట్టిస్తారా? వద్దంటే వద్దని అయినా రాయండి. ఏదీ తెలియక అఖాడాలో కాళ్ళు నిలవడం లేదు.

ఎదురు చూస్తూ,
మల్లేశ్వరరావు

తా.క. నేను కుంటుకుంటూ ఇంటికొచ్చిన రోజునే, కొట్టమని తానే చెప్పిన సంగతి అమ్మ మరిచిపోయింది. ఉస్తాద్ కొట్టు పాలు మానేసి, గేదె ఉన్న ఇంకో ఆయన దగ్గర వాడిక పెట్టుకుంది.


విజయనగరం
మార్గశిరం

చిరంజీవి మల్లేశుకి,

మావయ్య దీవించి వ్రాయించునది. నా చెయ్యి బాగులేదు. మంచం మీదినుంచి నేను చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు.

రాయపూర్ రాకపోవడానికి నీ ఉత్తరం కారణం కాదు. అది రాకముందే నా ప్రయాణం ఆగిపోయింది. ఆ బిసాహూతో తేల్చుకుందామని సాము మొదలుపెట్టానన్నానా, కుర్రాళ్ళంతా కోతలకి పోయి, ఎదురు నిలబడటానికి ఊళ్ళో ఎవడూ ఖాళీగా లేడు. భవాని నేనుంటానంది. అది గుమ్మంలో నిలబడి చూసి చూసి నేర్చుకున్న పిల్ల. చిన్నపిల్ల ముచ్చట తీరుద్దామని కర్ర ఇచ్చాను. తిల్దా సంగతి మాకు ఇంకా తెలియదు, అది నీమీద కోపంగా ఉంది. మొదటి దెబ్బ కాచుకున్నాను. రెండోది ఎటునుంచి వచ్చిందో ఇంతవరకూ తెలియలేదు. మెడ పక్క ఎముక విరిగింది. గేదె పొడిచిందని ఊళ్ళో చెప్పాం.

ఇక నిజం చెబుతాను. ఈ గరిడీలో అడుగుపెట్టిన ప్రతివాడూ నా కర్ర రుచి చూశాడు. ఇది ఒక్కర్తే చూడలేదు. తల్లి లేని పిల్ల. ఎప్పుడు దీని మీద కర్ర ఎత్తబోయినా నా చెయ్యి లేవలేదు. నా కూతురని శిష్యులూ దూరంగా జరిగేవారు. గుంజని కొట్టి పెరిగింది. గుంజ అమ్మా అనదు కదా, ఎంత కొట్టానో దీనికి ఎవరు చెబుతారు? నా ఎముక చప్పుడు విని కర్ర పారేసి, రెండు రోజులు అన్నం తినలేదు. మళ్ళీ కర్ర ముట్టుకోనంటోంది. దానికి ఉన్న విద్య నాకు లేదురా. అది మానేస్తే నా గరిడీ తలుపులు మూసేసినా ఒకటే.

దెబ్బ తినని ఒంటికి పిల్లనివ్వనని పెద్ద నోరు చేసుకున్నాను. చూడబోతే, దెబ్బ తినని పిల్లనే నీకిస్తున్నాను. చెయ్యి ఆగవలసిన చోట ఆగుతుందని రాశావే, ఆ ముక్క ఇది మళ్ళీ మళ్ళీ చదివింది. ఎదురుకర్ర పట్టి నిలబడేవాడు కావాలి. నువ్వు నిలబడతావా? అది సరే అంది, నువ్వూ సరే అంటే మాఘంలో ముహూర్తం. పెళ్ళిలో దాని చెయ్యి నీ చేతిలో పెడతాను. ఆ తరవాత రాయపూర్ వచ్చి బిసాహూ గారికి నమస్కారం పెట్టుకుంటాను.

ఆశీస్సులతో,
దానయ్య

తా.క. బావా, రాసింది నేనే. చెయ్యి లేవలేదన్న మాట నాన్న అనలేదు. అక్కడికొచ్చి ఊరుకున్నాడు, నేనే రాశాను. చదివి వినిపిస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు గానీ కొట్టెయ్యమనలేదు. నేను మెల్లగా కొట్టడం నేర్చుకుంటాను. నేర్చుకునేదాకా నువ్వు తప్పుకోవడం నేర్చుకునే రా. గంగాభవాని.