చాక్లెట్ పాల బల్ల

అమలాపురం, 18-12-96

అమ్మా, ఒంట్లో బాగానే ఉంది, మనసే ఒకచోట నిలవడం లేదు. సోమవారం మా బడిలో క్రిస్మస్ పార్టీ. పిల్లలకి ఓ బల్ల వేసి, వేడివేడి చాక్లెట్ పాలు పోస్తానని మాటిచ్చేశాను. వాళ్ళప్పుడే వేళ్ళమీద రోజులు లెక్కపెడుతున్నారు. నువ్వు తళతళలాడించి పంపిన ఇత్తడి గుండిగలో నిన్న కాచి చూస్తే పాలన్నీ విరిగిపోయాయి. "అమ్మగారు చింతపండుతో తోమేరు కదండీ, పులుపు పోలేదు," అంది ఆయా రాజ్యం. ఇంతలో ఒకటో తరగతి లక్ష్మీతులసి గ్లాసు పట్టుకొచ్చి, "ఇయ్యేనా అండీ చాక్లెట్ పాలు?" అంది. గబగబా గుండిగమీద మూత పెట్టేశాను.

ఆదివారం వచ్చే బాబాయిగారితో స్టీలు గుండిగ పంపు. నాన్నగారి దగ్గు తగ్గిందా? ఆవు ఈనిందా? అందరినీ అడిగానని చెప్పు. నీకు దణ్ణం పెడతాను, ఆ స్టీలు గుండిగ మాత్రం తోమకు.

నీ రమణి